మా తమ్ముడు స్పెషల్ పార్టీకి పేరిచ్చాడు, అసలు అక్కడ చేయించే పనేంటి?

బుచ్చి అక్క:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు పక్కన బుచ్చిరెడ్డిపాలెం. మా తమ్ముడు 2018 నోటిఫికేషన్‌లో ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాడు. ఇన్నేళ్లూ వాడి పని గార్డు డ్యూటీ, ఖైదీలను కోర్టుకు తీసుకెళ్లే ఎస్కార్టు, మంత్రులొస్తే బందోబస్తు. మాకూ అదే అలవాటైపోయింది. పోయిన వారం రోల్ కాల్‌లో ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారు స్పెషల్ పార్టీకి ఎవరొస్తారని అడిగితే వీడు చెయ్యెత్తేశాడంట. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. వాడి బ్యాచ్‌మేట్ భార్య మా మరదలికి చెబితే అట్టా బయటపడింది.

సరిగ్గా అదే సమయానికి ఎక్కడిదో మాక్ డ్రిల్ వీడియో ఒకటి మా ఫ్యామిలీ గ్రూపులో పడింది. నల్ల బట్టలు, హెల్మెట్లు, మొహాలకు ముసుగులు, మేడ మీద నుంచి తాడు పట్టుకొని దిగేవాళ్లు. అది చూసి అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమె భయానికి కారణం ఉంది లెండి. 2007 సెప్టెంబర్‌లో విద్యానగర్ దగ్గర నేదురుమల్లి జనార్దనరెడ్డి గారి కాన్వాయ్ మీద మందుపాతర పేల్చినప్పుడు మేం కోటలో అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నాం. ఆయన, ఆయన భార్య బయటపడ్డారు గానీ వెంట వెళ్లినవాళ్లలో ముగ్గురు పోయారు. అప్పటి నుంచి అమ్మకి పోలీసంటే గార్డు రూములో కుర్చీ వేసుకొని కూర్చునే పోలీసే ఇష్టం.

స్పెషల్ పార్టీ, క్యూఆర్‌టీ, ఆక్టోపస్, గ్రేహౌండ్స్ ఇవన్నీ ఒకటేనా వేరా? ట్రైనింగ్‌లో ఏం నేర్పిస్తారు? రోజూ కాల్పుల మధ్యలో ఉండాల్సి వస్తుందా? నచ్చకపోతే వెనక్కి రానిస్తారా? వాడిని అడిగితే "ఏం కాదులే అక్కా" అని నవ్వుతాడు. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, మామూలు మాటల్లో చెప్పండి, అమ్మకు చదివి వినిపించాలి.

పెన్నా గట్టు (రిటైర్డ్ హెచ్‌సీ):

అమ్మాయ్, నేను నెల్లూరు ఏఆర్‌లోనే హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు స్పెషల్ పార్టీ. ముందు ఆ వీడియో సంగతి చెప్తా. తాడు పట్టుకొని మేడ దిగేది చాలావరకు ఆక్టోపస్ వాళ్లయ్యుంటారు. మీ తమ్ముడు పోయేది అందులోకి కాదు. అమ్మగారికి ఈ ముక్క ముందు చదివి వినిపించి ఆ తర్వాత మిగతాది చదువు.

లెక్క ఇట్టా ఉంటుంది. జిల్లా ఎస్పీ గారి కింద సివిల్ పోలీసు, ఏఆర్ రెండూ ఉంటాయి. స్టేషన్లో కేసులు చూసేది సివిల్, ఆయుధాలతో చేసే పనులన్నీ ఏఆర్. ఆ ఏఆర్‌లో నుంచే కుర్రోళ్లను, ఫిట్‌గా ఉన్నోళ్లను ఏరి కట్టిన చిన్న గుంపే స్పెషల్ పార్టీ. ఒక బండెక్కి, ఆయుధం పక్కన పెట్టుకొని, కబురొస్తే కదలడానికి సిద్ధంగా కూర్చున్న బ్యాచ్‌ని క్యూఆర్‌టీ అంటాం. చాలాసార్లు ఆ మనుషులే ఈ మనుషులు, ఈ రోజు డ్యూటీ చార్టులో ఏం రాశారన్నదే తేడా. ఏపీఎస్‌పీ, అంటే రాష్ట్ర స్పెషల్ పోలీసు, వేరే, అది బెటాలియన్లు, మన వైపు వెంకటగిరిలో 9వ బెటాలియన్ ఉంది కదా, అది. గ్రేహౌండ్స్ 1989లో ఐపీఎస్ అధికారి వ్యాస్ గారు నిలబెట్టింది, అడవిలో నక్సలైట్ల కోసం. ఆయన్ని 1993లో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలోనే చంపేశారు, నడకకు పోయినప్పుడు. ఆక్టోపస్ 2007లో వచ్చింది, అది ఊళ్లలో, బిల్డింగుల్లో టెర్రరిస్టులను ఎదుర్కోవడానికి. తిరుమల పోయినప్పుడు చూసే ఉంటారు. వీటన్నిటి పైన ఢిల్లీ వాళ్ల కమాండో దళం ఎన్‌ఎస్‌జీ, 1984 నుంచి ఉంది.

మరి ఇంతమంది ఉంటే జిల్లాలో మీరెందుకు అంటావా? 2008 నవంబర్ 26న ముంబైలో కాల్పులు మొదలైంది రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. ఎన్‌ఎస్‌జీ ఢిల్లీ నుంచి వచ్చి దిగేటప్పటికి తెల్లారింది. ఆ రాత్రంతా ఎదురు నిలబడింది ఎవరు? అక్కడి స్టేషన్ పోలీసులే. లాఠీ తప్ప ఏమీ లేని తుకారాం ఓంబ్లే అనే ఏఎస్సై కసబ్ తుపాకిని గొట్టం దగ్గర పట్టుకొని వదల్లేదు, ప్రాణం పోయినా వదల్లేదు. ఆ తర్వాతే ఎన్‌ఎస్‌జీ వాళ్లను చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్ల కూడా పెట్టారు. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, హైదరాబాద్ దాదాపు 450. ఎంత ఉరికొచ్చినా కొన్ని గంటలు పడుతుంది కదా, ఆ కొన్ని గంటలు మా స్పెషల్ పార్టీవి.

ఆ గంటల్లో చేసేది లోపలికి దూకడం అనుకుంటారు అందరూ, కుర్రోళ్లు కూడా అదే అనుకొని వస్తారు. కాదు. చుట్టూ కట్టేయడం. లోపలున్నోడు బయటికి పోకూడదు, బయటోళ్లు లోపలికి రాకూడదు. జనాన్ని నెట్టాలి, సెల్‌ఫోన్లతో వీడియోలు తీసేవాళ్లను నెట్టాలి, కరెంటోళ్లను, ఫైరింజనోళ్లను, 108 బండిని ఎక్కడ నిలబెట్టాలో చూసుకోవాలి, వెనక గోడకి తలుపుందా లేదా పక్కింటావిడను అడిగి తెలుసుకోవాలి. ఇది సగం పని. తొంభై శాతం అనేవాణ్ణి గానీ లెక్కలు చెప్తే నమ్మరు.

ఒకటి చెప్తా విను. ఉదయగిరి వైపు ఒక పల్లెలో ఒకడు నాటు తుపాకి పట్టుకొని తన ఇద్దరు పిల్లల్తో ఇంట్లో తలుపేసుకున్నాడు. పెళ్లాం పుట్టింటికి పోయిందని గొడవ. మేం పోయేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ నిప్పుల మీద నిలబెట్టినట్టుంది, జాకెట్టు పది కిలోల దాకా ఉంటుంది, నీళ్లు తాగాలన్నా గోడ దాటి తల ఎత్తకూడదు. మాలో ఇద్దరు కొత్త కుర్రోళ్లు "సార్, వెనక కిటికీ నుంచి పోదాం, రెండు నిమిషాల పని" అని ఒకటే పోరు. ఎస్సై గారు ఒప్పుకోలేదు. వాడి మేనమామని కలిగిరి నుంచి జీపులో తెప్పించాడు. ఆ మేనమామ గడప అవతల కూర్చొని గంటన్నర సేపు పొలం గురించి, గేదె గురించి, వాడి చిన్నప్పటి సంగతులు మాట్లాడాడు. రాత్రి ఎనిమిదికి వాడు "బువ్వ పెట్టిస్తావా మావా" అని తలుపు తీశాడు. ఒక్క తూటా పేలలేదు. పిల్లోళ్లు అప్పటికే నిద్రపోయారు పాపం. మర్నాడు పేపర్లో రెండు లైన్లు కూడా రాలేదు. మేం మాత్రం ఆ రోజు చేసిన డ్యూటీ గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం.

ట్రైనింగ్ అంటే పొద్దున ఐదింటికి ఫాలిన్, అంటే వరసలో నిలబడాలి. పరుగు, ఆ తర్వాత ఆయుధం ఎత్తుకొని పరుగు. మా రోజుల్లో త్రీ నాట్ త్రీ రైఫిలు, తర్వాత ఎస్‌ఎల్‌ఆర్, ఆ తర్వాత ఇన్సాస్, ఏకే. కళ్లకు గుడ్డ కట్టి ఆయుధం విప్పించి మళ్లీ బిగింపిస్తారు. ఖాళీ తుపాకితో చేసే ప్రాక్టీసే ఎక్కువ, ఎందుకంటే రౌండ్లు లెక్క కట్టి ఇస్తారు, పేల్చిన ఖాళీ తొడుగులు ఏరి ఆయుధాలు చూసే ఆర్మర్‌కి అప్పజెప్పాలి, ఒకటి తగ్గినా గడ్డిలో సాయంత్రం దాకా వెతుక్కోవాల్సిందే. వేలు. అన్నిటికన్నా ముందు నేర్పేది వేలు ఎక్కడ ఉండాలన్నది. కాల్చాలని నిర్ణయించుకున్న తర్వాతే ట్రిగ్గర్ మీదకి పోవాలి, అప్పటిదాకా పక్కన ఆనించి పెట్టాలి. మర్చిపోయినోడికి గ్రౌండ్ చుట్టూ ఎన్ని రౌండ్లు పడతాయో మీ తమ్ముణ్ణే అడుగు.

గది లోపలికి పోవడం కూడా నేర్పుతారు. గ్రౌండ్‌లో సున్నంతో గదులు గీసి, కర్రలు పాతి తాళ్లు కట్టి. నవ్వొస్తుంది చూస్తే, పిల్లలు బొమ్మరిల్లు ఆడినట్టుంటుంది. గుమ్మంలో నిలబడకూడదు, ఎదుటోడి గురి అక్కడే ఉంటుంది. మొదటోడు ఎటు తిరిగితే రెండోవాడు దానికి అవతలి మూలకి తిరగాలి. ఎవరి గొట్టం ముందుకీ పక్కవాడు రాకూడదు. రెండొందల సార్లు నడిస్తే అప్పుడు కాళ్లకే తెలుస్తుంది. నెమ్మదిగా నడవడం రానోడికి వేగంగా నడవడం రాదని మా ఉస్తాద్ అనేవాడు.

ఇక వెనక్కి రావడం అంటావా, వస్తారు. ఫిట్‌నెస్ లేదనిపిస్తే వాళ్లే హెడ్‌క్వార్టర్స్‌కి పంపేస్తారు, ఎవర్నీ కట్టేసి ఉంచరు.

ఒంగోలు గిత్త:

రిటైర్డ్ సారు చెప్పినవన్నీ కరెక్టే గానీ అసలు రహస్యం చెప్పలేదు. స్పెషల్ పార్టీలో ఎక్కువగా నేర్చుకునేది ఏ భంగిమలోనైనా నిద్రపోవడం. మా బావ బండిలో నిలబడి, హెల్మెట్ పెట్టుకొని, చేతిలో టీ గ్లాసు ఉండగా నిద్రపోయాడు. టీ ఒలకలేదు.

మార్కాపురం పలక:

నవ్వులు తర్వాత. అక్కా, నేను 2000 తర్వాత కొన్నేళ్లు పశ్చిమ ప్రకాశంలో స్పెషల్ పార్టీలో తిరిగినోణ్ణి. నెల్లూరు సారు చెప్పింది ఊళ్లో పని. మాది నల్లమల. దోర్నాల, యర్రగొండపాలెం, ఆ పైన అడవి. అప్పట్లో ఆ రోడ్ల మీద జీపులో పోవడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే, అందుకని నడిచేవాళ్లం. ప్రతి కల్వర్టు దగ్గర ఆగి, కింద దిగి, కొత్తగా మట్టి తవ్విన గుర్తు ఉందా, వైరు ఉందా చూసి అప్పుడు బండిని రమ్మనేవాళ్లం. ఇరవై కిలోమీటర్ల రోడ్డుకి ఒక పూట పట్టేది. దాన్నే రోడ్ ఓపెనింగ్ అంటారు. పేరు గొప్ప, పని మాత్రం వంగి వంగి గడ్డి చూడటం.

అడవిలో ట్రైనింగ్ వేరు. దిక్సూచి, మ్యాపు, ఎండుటాకుల మీద చప్పుడు కాకుండా నడక, వచ్చిన దారిలో తిరిగి రాకపోవడం. ఈ చివరిదే ముఖ్యం. మనుషులకు బద్ధకం, తెలిసిన దారే పట్టుకుంటారు. ఎదుటోళ్లు దానికోసమే కాచుకొని ఉంటారు. 2008 జూన్‌లో ఒడిశా బలిమెల రిజర్వాయర్‌లో గ్రేహౌండ్స్ వాళ్లు పడవలో పోతుంటే పై కొండల మీద నుంచి కాల్చారు, 30 మందికి పైగా పోయారు. అడవిలో వాళ్లంత గట్టోళ్లు దేశంలో లేరు, నీళ్ల మీద దాక్కునే చోటు లేక అట్టా అయిపోయింది. అది విన్న రోజు మా మెస్‌లో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు నల్లమల అట్టా లేదు. 2004 అక్టోబర్‌లో చర్చల కోసం నక్సలైట్ల నాయకులు మన చిన్నారుట్ల దగ్గరే బయటికొచ్చారు, ఎంత జనం వచ్చారో చూడ్డానికి. చర్చలు నిలబడలేదు, తర్వాత రెండు మూడేళ్లలో నల్లమలలో వాళ్ల బలం పోయింది. కాబట్టి మీ అమ్మగారు 2007 నాటి భయం ఇప్పటి పిల్లోడికి పెట్టుకోనక్కర్లేదు. అట్టాగని అదేమీ పూలపాన్పు అని నేను చెప్పను. నా మోకాళ్లు రెండూ పోయాయి, మలేరియా మూడుసార్లు. ఎవరికైనా ముప్పై దాటాక స్పెషల్ పార్టీ వద్దనే చెప్తా. రిటైర్డ్ సారు ఈ ముక్క దాటేశారు.

పెన్నా గట్టు (రిటైర్డ్ హెచ్‌సీ):

దాటేయలేదు తమ్ముడూ, మోకాళ్ల సంగతి నాకూ తెలుసు, ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నా. ఒప్పుకుంటా.

ఇప్పుడు ఆ కుర్రోడికి నెల్లూరు జిల్లాలో పడే పని ఎక్కువగా ఏమిటో కూడా చెప్పాలి. రాపూరు, ఉదయగిరి అడవి వైపు ఎర్రచందనం దుంగల కేసులొస్తే ఫారెస్టోళ్లతో పాటు పోవడం, చీకట్లో కూలీలు రాళ్లు విసురుతారు, తుపాకి చేతిలో ఉన్నా కాల్చకుండా రాళ్లు తిని నిలబడటం చాలా కష్టం. కృష్ణపట్నం పోర్టు వైపు సెక్యూరిటీ డ్రిల్లులు. ఎలక్షన్లలో గొడవలయ్యే ఊళ్లు. రొట్టెల పండగకి బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు గట్టు మీద లక్షల జనం, అక్కడ తుపాకితో ఏం చేస్తాం, తప్పిపోయిన పిల్లల్ని ఎత్తుకొని మైకు దగ్గరకి మోసుకుపోవడమే. నేను ఒక సంవత్సరం ఒక్క పూటలో ఏడుగుర్ని మోశాను. ఒకడు నా భుజం మీదే పాస్ పోశాడు.

కావలి వకీలు:

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతా. ఈ కుర్రోళ్లకి ట్రైనింగ్‌లో తుపాకి ఎంత నేర్పుతారో సెక్షన్లూ అంతే నేర్పాలి, నేర్పుతున్నారో లేదో నాకు అనుమానమే.

అరెస్టు, దర్యాప్తు ఎట్టా చేయాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. గుంపును చెదరగొట్టమని ఆర్డర్ ఇచ్చే అధికారం 148వ సెక్షన్ ప్రకారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి, లేదా స్టేషన్ ఆఫీసర్‌కి, ఆయన లేకపోతే ఎస్సైకి తగ్గని అధికారికి ఉంటుంది. అంటే వరసలో నిలబడ్డ కానిస్టేబుల్ తనకు తానే నిర్ణయించుకొని మొదలుపెట్టేది కాదు. ముందు హెచ్చరిక, తర్వాత టియర్ గ్యాస్, లాఠీ, ఏదీ పనిచేయకపోతేనే కాల్పులు, అదీ ఆర్డర్ మీద. అరెస్టు చేసేటప్పుడు ఎదురుతిరిగితే అవసరమైనంత బలం వాడొచ్చు గానీ, మరణశిక్ష లేదా యావజ్జీవం పడే నేరం కానప్పుడు మనిషి ప్రాణం తీసే హక్కు ఆ సెక్షన్ ఇవ్వదు, 43లో నాలుగో సబ్‌సెక్షన్ చూడండి. దొంగోడు పారిపోతున్నాడని వెనక నుంచి కాల్చేస్తే అది సినిమాలో చప్పట్లు కొట్టించుకుంటుంది, కోర్టులో కాదు.

పోలీసు కాల్పుల్లో ఎవరైనా చనిపోతే 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం కేసులో సుప్రీంకోర్టు పెట్టిన మార్గదర్శకాలు వర్తిస్తాయి. ఎఫ్‌ఐఆర్ కట్టాలి, సీఐడీ గానీ వేరే స్టేషన్ టీమ్ గానీ దర్యాప్తు చేయాలి, మేజిస్టీరియల్ విచారణ జరగాలి, కాల్చిన ఆయుధం అప్పజెప్పాలి. ఆర్డర్ ఇచ్చిన పెద్దాయన ట్రాన్స్‌ఫర్ అయిపోయుంటాడు, కాల్చిన కానిస్టేబుల్ మాత్రం పదేళ్లు వాయిదాలకు తిరుగుతాడు. అమ్మగారు భయపడాల్సింది ఏదన్నా ఉందంటే నా దృష్టిలో ఇదే.

మార్కాపురం పలక:

వకీలు గారూ, చీకట్లో ఎదురుగా మెరుపు కనబడి చెట్టు బెరడు మొహం మీద పడినప్పుడు 43లో నాలుగు గుర్తుకు రాదండి.

కావలి వకీలు:

రాదు, అందుకే ముందే వెయ్యిసార్లు చెప్పించాలంటున్నా. ప్రాణం మీదకి వస్తే ఆత్మరక్షణ హక్కు మీకూ ఉంది, నేరాలు, శిక్షలు చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌లో 34 నుంచి 44 దాకా అదే, దాన్ని ఎవరూ కాదనట్లేదు. కానీ ప్రాణం మీదకి వచ్చిందా లేదా అన్నది తర్వాత రాసుకునే కథ కాకూడదు.

పెన్నా గట్టు (రిటైర్డ్ హెచ్‌సీ):

ఇద్దరూ తగ్గండి. వకీలు గారు చెప్పింది నేను కొత్త బ్యాచ్‌కి నా పద్ధతిలో చెప్పేవాణ్ణి: "నువ్వు పేల్చిన తూటా మీద నీ నంబర్ ఉంటుంది, ఎస్పీ గారి నంబర్ ఉండదు." మాబ్ డ్రిల్‌లో టియర్ గ్యాస్ షెల్లు మీద తేదీ చూడమని, గాలి ఎటు వీస్తుందో చూడమని నేర్పుతాం. ఒకసారి గాలి చూసుకోకుండా వేసి మేమే కళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాం, ఎదుట ధర్నా చేసేవాళ్లు మాకు ఉల్లిపాయలు తెచ్చిచ్చారు. అబద్ధం కాదు.

కందుకూరు కోడలు:

అక్కా, నేను పోలీసును కాదు, పోలీసు భార్యని. మా ఆయన స్పెషల్ పార్టీలో నాలుగేళ్ల నుంచి ఉన్నాడు. వీళ్లందరూ తుపాకులు, సెక్షన్లు చెప్పారు, ఇంట్లో ఎట్టా ఉంటుందో నేను చెప్తా, మీ అమ్మగారికి అదే కావాలనిపిస్తోంది.

తలుపు వెనక ఎప్పుడూ ఒక బ్యాగు రెడీగా ఉంటుంది. రెండు జతల బట్టలు, టవలు, సబ్బు, బిస్కెట్ ప్యాకెట్లు, ఛార్జర్, ఒక దుప్పటి. ఫోన్ మోగితే పావుగంటలో పోవాలి, ఎక్కడికని అడిగితే చెప్పరు, చెప్పకూడదంట. మొదట్లో నాకు కోపం వచ్చేది, నిజంగా తెలియకనే చెప్పట్లేదని తర్వాత అర్థమైంది, వాళ్లకి కూడా బండి ఎక్కాకే చెప్తారు. ఒకసారి పెళ్లికి పోయి భోజనానికి కూర్చున్నాం, పప్పు వడ్డించారు, పులుసు వచ్చేలోపు ఆయన లేడు. మా అత్త ఆకు మూసేసి ఏడ్చింది.

భయం గురించి నిజం చెప్పమంటే, ఆయన తుపాకి పట్టుకొని పోయిన రోజు కన్నా 2021 నవంబర్‌లో పెన్నా వరదప్పుడు నేను ఎక్కువ భయపడ్డా. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, హైవే తెగింది. వీళ్లు తాళ్లు కట్టుకొని నడుములోతు నీళ్లలో ముసలోళ్లని మోస్తున్నారు. అప్పుడే మీ బుచ్చి పక్కన దామరమడుగు దగ్గర జనాన్ని కాపాడబోయి ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు దళం) కానిస్టేబుల్ ఒకాయన చనిపోయాడు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు రాత్రి పదకొండు దాకా మా ఆయన ఫోన్ స్విచాఫ్. నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు. తడిసి పాడైందంట, అంతే. తుపాకి నేర్పినోళ్లు ఈత కూడా నేర్పించుంటే బాగుండేదని అప్పటి నుంచి అంటానే ఉన్నా. ఆయన ఆ ఎండాకాలం మా అన్న వాళ్ల బావిలో నేర్చుకున్నాడు, నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టుకొని, పిల్లోళ్లు చూసి నవ్వుతా ఉంటే.

ఇంకోటి, సెలవు సంగతి మాట్లాడి పెట్టుకోండి. మా ఆయన చెల్లెలి సీమంతానికి సెలవడిగితే అప్పుడున్న ఒక అధికారి ఇవ్వలేదు. అది మాత్రం నేను మర్చిపోను.

ఏసీ స్టేడియం రన్నర్:

అన్నా, సార్, నేను వచ్చే నోటిఫికేషన్‌కి ప్రిపేర్ అవుతున్నా. రోజూ ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పరిగెత్తుతా. నాకు డైరెక్టుగా ఆక్టోపస్‌లోకి పోవాలని ఉంది. కానిస్టేబుల్ కాకుండా నేరుగా తీసుకోరా? 1600 మీటర్లు 5 నిమిషాల 50 సెకన్లలో కొడుతున్నా.

పెన్నా గట్టు (రిటైర్డ్ హెచ్‌సీ):

నేరుగా తీసుకోరు నాయనా, ముందు పోలీసువి కావాలి, తొమ్మిది నెలల ట్రైనింగ్ కావాలి, ఆ తర్వాత డిపార్ట్‌మెంట్‌లో నుంచే ఏరుకుంటారు. 1600కి పరీక్షలో ఇచ్చేది 8 నిమిషాలు, నీది బ్రహ్మాండంగా ఉంది. లాంగ్ జంప్ 3.80 మీటర్లు, 100 మీటర్లు 15 సెకన్లు, వాటి మీద కూడా కాస్త చూపు పెట్టు, పరుగు బాగా వచ్చినోళ్లు జంప్ దగ్గర పోవడం చాలా చూశా. రాత పరీక్ష సంగతి నువ్వు ఎత్తలేదు, అంటే చదవట్లేదన్నమాట.

ఏసీ స్టేడియం రన్నర్:

చదువుతున్నా సార్.

ఒంగోలు గిత్త:

వాడు చదవట్లేదు సార్.

బుచ్చి అక్క:

అందరికీ చాలా థాంక్స్. ఇన్ని చెప్తారనుకోలేదు. నిన్న రాత్రి అమ్మను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించా, తమ్ముడు కూడా పక్కనే ఉన్నాడు. బలిమెల సంగతి వచ్చేసరికి నేను కొంచెం వదిలేద్దామనుకున్నా గానీ వాడే చదవమన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. మేనమామ గడప దగ్గర కూర్చున్న కథ రెండోసారి చదవమంది. దామరమడుగు మాట వచ్చినప్పుడు వాడు చెప్పాడు, ఆ వరదకి వాడు కూడా డ్యూటీలో ఉన్నాడంట, మాకు నెల్లూరులో గార్డు డ్యూటీ అని చెప్పాడు అప్పుడు. నాలుగేళ్లు దాచాడు. దానికి అమ్మ వాణ్ణి రెండు తిట్టింది, తిట్టడం మొదలెట్టిందంటే మామూలైపోయినట్టే మా ఇంట్లో.

వకీలు గారూ, మీరు చెప్పిన సెక్షన్లు వాడు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. కోడలమ్మా, ఈత సంగతి కూడా చెప్పాను, మా కనిగిరి రిజర్వాయర్ కాలవలో చిన్నప్పుడే నేర్చుకున్నానని కొట్టిపారేశాడు.

ఒప్పుకుంటే సోమవారం నుంచి పిలుస్తారంట. రిటైర్డ్ సార్, రెండు చిన్న ప్రశ్నలు మిగిలాయి. బూట్లు డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చేవి చాలా లేక బయట కొనాలా? రెండోది అమ్మ అడగమన్నది, ఆదివారం ఇంటికి పంపిస్తారా?

పెన్నా గట్టు (రిటైర్డ్ హెచ్‌సీ):

బూట్లు ఇచ్చినవే వేసుకోవాలి, కాకపోతే ఒక సైజు పెద్దది అడిగి తీసుకొని రెండు జతల మేజోళ్లు వేసుకోమను, మొదటి నెల బొబ్బలు లేస్తాయి, కొబ్బరి నూనె రాయమను, గుచ్చొద్దను.

ఆదివారం పంపించరమ్మా. ఆ ముక్క మెల్లిగా చెప్పు అమ్మగారికి.